ఇద్దరు పితామహులు, ఒక మేనల్లుడు

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులుగారి పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవమని దానిని జరుపుకుంటున్నాం. ఆ సందర్భంగా ఆదోనిలో జరిగిన ఒక సభకు నేనూ వెళ్ళాను. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు. 1946లో సరిగ్గా అదే తేదీన బళ్ళారి రాఘవ కన్నుమూశారన్న సంగతి వేదిక మీద ఎవరి నోటా రాలేదు. చివర మాట్లాడిన పెద్దమనిషి (పేరు అనవసరం) నాటకం ఎందుకు చచ్చిపోయిందో నిర్ధారణ చేసి చెప్పారు. కళాకారుల మధ్య పోటీయే కారణమట. పూర్వపు మహానుభావులు అన్నదమ్ముల్లా మెలిగేవారట, నేటివారు ఒకరి నొకరు మించిపోవాలని చూసి కళను పాడుచేశారట. సభ చప్పట్లు కొట్టింది. మర్యాద కోసం నేనూ కొట్టాను. హొళగుంద బస్సెక్కి కూర్చున్నాక ఆ చప్పట్లు నన్ను కుట్టడం మొదలుపెట్టాయి. ఈ నాలుగు మాటలూ వాటికి ప్రాయశ్చిత్తం.

నా వాదన ఒక్కటే. పోటీ వల్ల మన నాటకం చావలేదు. మనం పోటీని చంపుకున్నాం, ఆ తరువాతనే నాటకం మంచాన పడింది.

ముందు నా అజ్ఞానం ఒకటి ఒప్పుకోవాలి. సెలవులకు వచ్చిన మా మనవరాలు రాత్రింబవళ్ళు జపాను బొమ్మల సినిమాలు చూస్తుంటే, "ఈడొచ్చిన పిల్లవు, ఈ బొమ్మలేమిటమ్మా" అని విసుక్కున్నాను. "తాతా, ఇది నీ కథే, కూర్చో" అంది. కూర్చున్నాను. ఆ బొమ్మల ధారావాహిక పేరు 'షోవా గెన్రోకు రకుగో షింజూ'. 2016లో వచ్చిందట. రకుగో అంటే దాదాపు మన హరికథకు దూరపు చుట్టం. కథకుడు దిండు మీద మోకాళ్ళూని కూర్చుని, చేతిలో ఒక విసనకర్ర, ఒక తువ్వాలుతో అన్ని పాత్రలూ తానే అయి కథ నడుపుతాడు. ఒకే గురువు దగ్గర ఒకే రోజున ఇద్దరు పిల్లలు శిష్యులుగా చేరుతారు. ఒకడికి పుట్టుకతోనే జనాన్ని నవ్వించే గొంతు. మరొకడికి క్రమశిక్షణ తప్ప మరేమీ లేదు. రెండవవాడు మొదటివాణ్ణి చూసి కుళ్ళుకుంటాడు, వాడు లేనిదే బతకలేడు. వాణ్ణి చూసి చూసి, వాడిలా తాను కాలేనని తెలిసి, చివరకు తనదైన మార్గం ఒకటి కనిపెడతాడు. స్నేహితుడు పోయాక, ఇక ఈ కళ నాతోనే సమాధి కావాలి అంటాడు.

ఇంకొకటి కూడా చూపించింది. 'గ్లాస్ మాస్క్' అని 1976లో మొదలైన బొమ్మల కథ అది, తరువాత తెర మీదికీ వచ్చింది. పేదింటి పిల్ల మాయా, కళాకారుల ఇంట అన్నీ అమరిన పిల్ల అయూమి, ఒకే పాత్ర కోసం ఏళ్ళ తరబడి పోటీపడతారు. ఆ కథలో నన్ను నిలబెట్టినది ఒక్క విషయం. అయూమి గెలవాలనుకుంటుంది గాని, మాయా ఓడిపోవాలనుకోదు. మాయా తన పూర్తి బలంతో ఎదుట నిలవకపోతే తన గెలుపుకు విలువ లేదని ఆమెకు తెలుసు.

మన సభల్లో ఎన్నడూ వినపడని మాట ఒక బొమ్మల కథలో వినపడితే సిగ్గనిపించింది. ఎందుకంటే ఇంతకంటే గొప్ప కథ మా పక్క ఊళ్ళోనే జరిగింది.

హొళగుంద వాళ్ళకు బళ్ళారి పరాయి ఊరు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మాది బళ్ళారి జిల్లాయే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి అటు మైసూరుకు పోయింది. ఆ బళ్ళారిలో పందొమ్మిదవ శతాబ్ది చివర ఇద్దరు వకీళ్ళుండేవారు. ఒకరు 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, రెండవవారు 1854లో పుట్టిన కోలాచలం శ్రీనివాసరావు. ఒకే ఊరు, ఒకే వృత్తి, దాదాపు ఒకే వయస్సు, ఒకే పిచ్చి. ఆచార్యులవారిది సరస వినోదిని సభ. శ్రీనివాసరావుగారిది సుమనోరమ సభ. పగలు ఒకే కోర్టు ఆవరణలో తిరిగే మనుషులు రాత్రి రెండు రంగస్థలాల మీద పోటీపడ్డారు.

ఆ పోటీ దేని కోసమో చూడండి. ఆచార్యులవారు పాటనూ పద్యాన్నీ రంగస్థలానికి తెచ్చి జనాన్ని కట్టిపడేశారు. నాటకం మంగళాంతం కావాలన్న సంస్కృత మర్యాదను కాదని 'విషాద సారంగధర' రాశారు. శ్రీనివాసరావుగారు చరిత్రను పట్టుకున్నారు. హంపీ శిథిలాలకు అంత దగ్గరలో ఉంటూ పురాణాలు మాత్రమే ఆడడమేమిటన్నట్లు, విజయనగర పతనాన్ని 'రామరాజు చరిత్ర'గా రంగం మీదికి తెచ్చారు. నాటకం అంటే ఏమిటి, పాటా మాటా, పురాణమా చరిత్రా, ఏడ్పించి ఇంటికి పంపవచ్చునా కూడదా అన్న ప్రశ్నలకు ఇద్దరు మనుషులు ప్రేక్షకుల ఎదుట ఇచ్చుకున్న జవాబులవి. ఇది శాలువాల తగాదా కాదు.

ఆ జవాబులు బళ్ళారిలోనే ఆగిపోలేదు. 1891లో సరస వినోదిని సభవారు మద్రాసు వెళ్ళి నాటకాలు ఆడారు. అవి చూసిన పమ్మల్ సంబంధ ముదలియారు అనే కుర్రవాడు, చదువుకున్నవారూ నాటకం ఆడవచ్చునన్న ధైర్యం తెచ్చుకుని, అదే ఏడాది సుగుణ విలాస సభను స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి ఆయనే ఆద్యుడని తమిళులు చెప్పుకుంటారు. బళ్ళారి వకీళ్ళ పోటీలో ఎగిరిన నిప్పురవ్వ అంత దూరం వెళ్ళి పడింది.

ఇక మేనల్లుడి సంగతి. 1880లో పుట్టిన తాడిపత్రి రాఘవాచార్యులు ధర్మవరంవారి సొంత మేనల్లుడు, తానూ వకీలే. లోకం ఆయనను బళ్ళారి రాఘవ అన్నది. మన లోకరీతి ప్రకారం ఆ అబ్బాయి మామగారి సభలో, మామగారి నాటకాల్లో, మామగారి బాణీలో జీవితం గడపాలి. కాని ఆయనకు గొప్ప పేరు తెచ్చిన పాత్రల్లో ఒకటి పఠాన్ రుస్తుం. అది 'రామరాజు చరిత్ర'లోది, అంటే మామగారి ప్రత్యర్థి కలం నుంచి పుట్టినది! అంతటితో ఆగక, మామగారి తరం రంగానికి అలవాటు చేసిన రాగాల సాగదీతకు ఎదురుతిరిగి, మనిషి మాట్లాడినట్లు మాట్లాడడమే నటన అన్నాడు. ఆడవేషాలు ఆడవారే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న ఇల్లాళ్ళను రంగం మీదికి తెచ్చాడు. రెండు సభలు లేకుంటే ఈ రాఘవ లేడు. ఒకే సభ ఉండివుంటే ఆయన మంచి మేనల్లుడుగా మిగిలిపోయేవాడు.

మరి మనం ఏం చేశాం? ఒకరికి 'ఆంధ్ర నాటక పితామహ' అన్నాం. రెండవవారు నొచ్చుకోకుండా 'ఆంధ్ర చారిత్రక నాటక పితామహ' అన్నాం. ఆస్తి పంపకాల్లో పెద్దమనుషులు గోడ కట్టినట్లు మధ్య ఒక గోడ కట్టి, ఇద్దరికీ చెరొక పటం వేసి దండలు తగిలించాం. ఆ ఇద్దరూ దేని మీద విభేదించారో మన పిల్లలకు చెప్పలేదు. విభేదం మరచిపోయాక పితామహులు మిగులుతారు గాని నాటకం మిగలదు.

"పోటీ మంచిదే అంటావు, అది తెచ్చే విషం మాటేమిటి?" అని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ అవధాన వేదికల మీద నడిచిన వైరంలో పద్యం కంటే తిట్టు ఎక్కువైన సందర్భాలు లేకపోలేదు. కాని అదే తిరుపతి వేంకట కవుల జంటను చూడండి. ఇద్దరూ ఎవరికి వారే అవధానం చేయగల దిట్టలు. 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయాక కూడా చెళ్ళపిళ్ళవారు తన రచనలను ఇద్దరి పేరుతోనే ప్రకటించుకున్నారు. పద్యం మీద అంత పట్టింపున్న మనిషి, ఒంటరి కీర్తి చేతికందే సమయానికి దానిని వద్దనుకున్నాడు. సాటివాడి విలువ తెలిసినవాడే అలా చేయగలడు.

విషం సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. చేతితో కలిపినవాణ్ణి.

మా ఊళ్ళో చిలకమర్తివారి 'గయోపాఖ్యానం' ఆడేవాళ్ళం. గయుడు ఉమ్మిన తాంబూలం కృష్ణుని దోసిట్లో పడుతుంది. కృష్ణుడు వాణ్ణి చంపుతానంటాడు. సంగతి తెలియక అర్జునుడు అభయమిస్తాడు. ప్రాణమిత్రులిద్దరూ యుద్ధానికి దిగుతారు. (1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధము' సినిమాలో ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఎదురెదురుగా నిలబడ్డది ఈ కథకే. తెర మీద పోటీదారులు, తెర వెనుక పోటీదారులు, అందుకే ఆ యుద్ధం అంత పండింది.) నేను అర్జునుణ్ణి, నా బాల్యమిత్రుడు కృష్ణుడు. అతడి ఇంట్లో కన్నడం, మా ఇంట్లో తెలుగు. బయలాట చూస్తూ పెరిగిన గొంతు అతడిది, పద్యం ఎత్తుకుంటే ఊరి చివర ఎద్దులు కూడా చెవులు రిక్కించేవి. 'వన్స్ మోర్' ఎప్పుడూ అతడికే. ఒక జాతర రాత్రి నాలో ఏ దయ్యం పుట్టిందో, హార్మోనియం వాయించే అతణ్ణి చాటుకు పిలిచి, కృష్ణుడి పద్యానికి శ్రుతి ఒక మెట్టు పెంచమన్నాను. పెంచాడు.

నా మిత్రుడు మొదటి పాదంలోనే గ్రహించాడు. గొంతు జీర పోయింది. నా వైపు ఒక్కసారి చూశాడు. తరువాత రాగం వదిలేసి, మిగిలిన పద్యాన్ని మాట్లాడినట్లు, స్నేహితుడితో జగడమాడేవాడు బాధతో చెప్పినట్లు, నా కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. జనం ఈల వేయలేదు, వన్స్ మోర్ అనలేదు. నిశ్శబ్దంగా ఉండిపోయారు. నా వంతు పద్యం నాకు గుర్తురాలేదు. అతడే నా దగ్గరికి నడిచివచ్చి, సంభాషణలో కలిపి నా పద్యం మొదటి మాట నాకు అందించాడు. ఆ రాత్రి నేను పరువుతో దిగివచ్చానంటే అది నేను దెబ్బతీయబోయినవాడు పెట్టిన భిక్ష.

ఆ సంగతి అతడు జీవితంలో ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు అతడు లేడు. అతడు పోయాక నేను రెండుసార్లు ముఖానికి రంగు వేసుకున్నాను. ఎదుట నిలిచిన కృష్ణుడు కిరాయికి వచ్చినవాడు, మంచి గాయకుడే. కాని నేను ఎలా ఆడినా అతడికి పట్టలేదు, అతడు ఎలా ఆడినా నాకు పట్టలేదు. మూడవసారి రంగు వేసుకోలేదు.

కాబట్టి ఆదోని పెద్దమనిషితో నా మనవి ఇది. అయ్యా, నేను ఆ రాత్రి చేసినదాన్ని పోటీ అనకండి. అది భయం. పోటీపడేవాడు ఎదుటివాడి శ్రుతి సరిగా ఉందో లేదో తానే చూసుకుంటాడు. దసరా రాత్రి దేవరగట్టులో కర్రలు పట్టేవాళ్ళు సైతం తెల్లవారితే ఒకే బాటన ఊళ్ళకు నడుస్తారు. మీరు నిందించవలసినది పోటీని కాదు, పోటీ ముసుగులో మనం తెచ్చిపెట్టుకున్న రెండు అలవాట్లను.

ఒకటి పరిషత్తుల బహుమతుల యావ. ఎక్కడి నుంచో ఒక సమాజం వస్తుంది, న్యాయనిర్ణేతల ఎదుట ఆడుతుంది, సామాను కట్టుకుని తరువాతి పరిషత్తుకు వెళ్ళిపోతుంది. తరువాత ఆడే సమాజం నాటకం చూడదు. చూడని వాడితో పోటీ ఎలా పడతారు? మార్కులతో పడతారు. రెండవది పద్యనాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ఒకే పాత్రను ముక్కలు చేసి పంచడం. దానికి కళాకారులకు అవకాశమనీ జనాకర్షణ అనీ పేర్లు. ముగ్గురు గొప్ప గాయకులు ఒకే రాత్రి వస్తారు, నిజమే. కాని పాత్ర మీద ఎవరికీ పూర్తి బాధ్యత లేదు, పద్యం మీద మాత్రమే ఉంది. ధర్మవరానికీ కోలాచలానికీ నడుమ ఉన్నది 'నాటకం ఎలా ఉండాలి' అన్న పట్టుదల. మన కృష్ణుల నడుమ ఉన్నది 'రాగం ఎంత సాగింది' అన్న కొలత.

సన్మానాలు తగ్గించుకుందాం. ఆదోనిలో ఒక సమాజం ఉంటే ఎమ్మిగనూరులో దానికి పోటీగా ఇంకొకటి లేవనీయండి. ఒకే నాటకాన్ని ఇద్దరూ ఆడనీయండి. ఒకరి నాటకానికి మరొకరు వచ్చి ముందు వరుసలో కూర్చోవాలని మాత్రం నియమం పెట్టండి. చూశాక తిట్టుకోనీయండి. మళ్ళీ ఒక మేనల్లుడు పుట్టి మామను వదిలి అవతలి సభకు నడిచి వెళితే, వాడికి కులద్రోహి అని పేరు పెట్టకండి.

మా మనవరాలు ఊరికి వెళ్ళే ముందు అడిగింది: "తాతా, ఆ జపాను కథలో స్నేహితుడు పోయాక రెండోవాడు కళను తనతోపాటే పూడ్చేస్తానన్నాడు కదా, నువ్వూ అంతేనా?" నాకు జవాబు తోచలేదు. ఆ సాయంత్రం పెట్టె తీసి 'గయోపాఖ్యానం' పుస్తకం వెదికాను. మా వీధిలో ఇద్దరు కుర్రవాళ్ళున్నారు, ఎప్పుడూ ఒకరి మీద ఒకరు గొంతు చేసుకుంటుంటారు. రేపటి నుంచి వాళ్ళను సాయంత్రాలు రమ్మన్నాను. హార్మోనియం దగ్గర నేనే కూర్చుంటాను.