సుడిగుండంలో మనిషి లేడా?

చిత్రంలో మనిషి కనిపించకపోతే అది పలాయనవాదమేనని తీర్పు చెప్పడం మన అభ్యుదయ విమర్శకులలో కొందరికి అలవాటైపోయింది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతనంలో నందలాల్ బోసు దగ్గర చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ‘అతెల్యే 17’లో ఏళ్ల తరబడి పనిచేసిన కృష్ణారెడ్డిని కూడ యీ ఒక్క మాటతో తేల్చివేస్తారు. యీ తీర్పు నాకు సమ్మతం కాదు.

విస్లర్ సంగతి చూడండి. 1878లో రస్కిన్‌మీద పరువునష్టం దావా గెలిచి, పరిహారంగా ఒక్క ఫార్దింగు, అంటే పావు పెన్నీ, పుచ్చుకొని, దివాలా తీసి, 1879లో వెనిస్ చేరాడు. పన్నెండు ఎచింగులు చేసుకురమ్మని లండన్ వ్యాపారులు పంపితే, యాభై దాకా చేశాడు. కళ కళకోసమేనన్న పెద్దమనిషే! కాని ఆ రేకులమీద పేరుమోసిన గోపురాలకంటె సందులూ, గుమ్మాలూ, బిచ్చగాళ్లూ, పూసలు గుచ్చే ఆడవాళ్లూ ఎక్కువ. నోరు చెప్పింది ఒకటి, చెయ్యి చెప్పింది మరొకటి. విమర్శకుడు చదవవలసింది చేతిని.

కృష్ణారెడ్డి చెయ్యి ఏం చేసింది? లోహపు రేకును పలు లోతులకు చెక్కింది. నూనె పాలు హెచ్చుతగ్గులుగా కలిపిన సిరాలను గట్టి రోలరుతో ఒకటి, మెత్తటి రోలరుతో మరొకటి ఎక్కిస్తే అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒకే రేకునుంచి, ఒకే ఒత్తుడులో పలు రంగులు దిగుతాయి. హేటర్, కైకో మోతీలతో కలిసి రూపొందించిన పద్ధతి యిది. ఎమ్మిగనూరు మగ్గం ఎరిగినవాడికి యిందులోని శ్రమ వేరే చెప్పనక్కరలేదు.

1963 నాటి ‘సుడిగుండం’లో మనిషి లేడంటారు. వానకోసం ఆకాశంకేసి చూసే మా చిప్పగిరి రైతుకు నీరు వస్తువు కాదా? 1968లో, పారిస్ విద్యార్థులు తిరగబడిన యేట, ఆయనే ‘ప్రదర్శకులు’ చేశాడు. అందులో మనుషులున్నారు గనక అభ్యుదయం, ఇందులో లేరు గనక రూపవాదమా? రెండింటినీ చెక్కిన చెయ్యి ఒకటే.

ఆ ప్రతులు పరదేశపు మ్యూజియంలలో ఉన్నాయి, మనకేమిటి అని మరొక ఆక్షేపణ. 2018లో ఆయన కన్నుమూసిందీ న్యూయార్కులోనే. నేను చూసినవీ పుస్తకాలలోని నకళ్లే. కాని ఒక రేకునుంచి పలు ప్రతులు తియ్యడమే యీ కళ స్వభావం. వాటిని నెలరోజులపాటు ఆదోని గ్రంథాలయం గోడకు తగిలించమని ప్రభుత్వాన్ని ఏ సంఘం అడిగింది? మన సంఘం అడగదలిస్తే అర్జీ నేను రాసిపెడతాను.