చెవి కొలత – చేతి కొలత

జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్‌లో దుర్గాపూజా దినములలో మండపము చెంత నిలుచువారికి ఢాక్ మ్రోత చెవికి వినబడుటయే గాక ఛాతీకి కూడా తగులును. ఈ రెంటిలో ఏది బలమైనది? వినికిడికిని స్పర్శకును పోలిక యేమని పాఠకులకు సందేహము కలుగవచ్చును. కాని మనిషి ఈ పోలికను చక్కగనే చేయగలడు.

1959లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్.ఎస్. స్టీవెన్స్ దీనిని పరీక్షించెను. పాల్గొన్నవారు ఒక ధ్వనిని వినుచు, వ్రేలికొనకు తగులు కంపనమును అంతే బలముగా తోచువరకు సరిచేసిరి. కంపనమునకు దీటుగా ధ్వనిని కూడా సరిచేసిరి. పోలికలు క్రమము తప్పలేదు. అయితే రెండు ఇంద్రియముల లెక్కలు వేరు. సెకనుకు 60 మారులు కదలు కంపనపు పరిమాణము రెట్టింపైనచో వ్రేలికి దాదాపు రెట్టింపుగనే తోచును. ధ్వని రెట్టింపుగా తోచుటకు మాత్రము సుమారు 10 డెసిబెల్లులు పెరుగవలెను. అనగా ధ్వనిశక్తి పదిరెట్లు కావలెను!

కర్మాగారములలో పనిచేయువారికి ఇందు గట్టి హెచ్చరిక కలదు. మన దేశపు కర్మాగార నిబంధనల ననుసరించి 90 డెసిబెల్లుల మ్రోతలో 8 గంటలు, 100 డెసిబెల్లుల మ్రోతలో 2 గంటలు మాత్రమే పనిచేయవచ్చును. చెవికి "రెండింతలే కదా" అనిపించు మ్రోతకు కాలపరిమితి నాలుగవ వంతుకు తగ్గినది. కనుక చెవి చెప్పు లెక్కను నమ్మి ఇయర్ ప్లగ్గులను జేబులో దాచుకొనరాదు.

అట్లయిన చేతిని నమ్మవచ్చునా? గ్రైండరు, జాక్‌హామరు వంటి పనిముట్లను చాలసేపు పట్టినచో వ్రేళ్ల స్పర్శ మొద్దుబారి, అదే కంపనము తక్కువగా తోచును. పెద్ద మ్రోతలో గడిపిన చెవి కూడా అట్లే మందగించును. ఏ హానిని గూర్చి సాక్ష్యము చెప్పవలెనో, ఆ హానియే సాక్షి నోరు నొక్కుచున్నది.

ఇచట కుటుంబసభ్యుల సహాయము విలువైనది. డ్యూటీ నుండి వచ్చినవారు టీవీ శబ్దమును మునుపటికంటె పెంచుచున్నారా? పిలిచిన పిలుపునకు మారు పలుకుట లేదా? చలి ఉదయములలో వ్రేళ్లు తెల్లబారి తిమ్మిరెక్కుచున్నవా? చొక్కా గుండీలు పెట్టుకొనుటకు తడబడుచున్నారా? ఇట్టివి కనిపించినచో "వయసు మీదపడుచున్నది" అని సరిపెట్టుకొనక వైద్యునికి చూపించవలెను. ఈ విధముగా పోయిన వినికిడి తిరిగి రాదు. మిగిలినదానిని కాపాడుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది.