ఒక్కటే టవరున్న కొండమీద పోటీ ఎక్కడుందన్నా?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

రీచార్జి రేట్ల గురించి ఎక్కడ మాట్లాడినా మనకి ఒకటే సమాధానం వస్తోంది. "మన దేశంలో డేటా చాలా చవక. 2016కి ముందు ఒక్క జీబీకి రెండొందల పైనే పెట్టేవాళ్ళం. ఇప్పుడు రోజుకి జీబీన్నర వస్తుంటే ఇంకా ఏడుపెందుకు?" అని. మన సీనియర్ అన్నలు కొందరు కూడా ఇదే మాట అంటున్నారు. వైజాగ్‌లో కూర్చుని చూస్తే ఆ మాట నిజమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక రేట్లు పడిపోయాయి, అది పోటీ వల్లే జరిగింది. నేను కాదనను. నేను అడిగేది ఒక్కటే: ఆ పోటీ మన ఘాట్ రోడ్డెక్కి పైకొచ్చిందా?

ముందు కింద మైదానంలోనే పోటీ ఏమైందో చూద్దాం. ఎయిర్‌సెల్ పోయింది, టెలినార్ పోయింది, టాటా డొకొమో పోయింది, రిలయన్స్ కమ్యూనికేషన్స్ పోయింది. వొడాఫోన్, ఐడియా 2018లో కలిసిపోయాయి. చివరికి మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్ఎన్ఎల్. 2019 డిసెంబరులో ముగ్గురూ రేట్లు పెంచారు. 2021 నవంబరు చివర్లో ఇద్దరు పెంచితే డిసెంబరు 1న మూడోవాడు పెంచాడు. 2024లో జియో, ఎయిర్‌టెల్ జూలై 3న, వీఐ జూలై 4న. రోజుకి జీబీన్నర ఇచ్చే జియో 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 అయింది. ముగ్గురూ కూడబలుక్కున్నారని నేను అనడం లేదు, నా దగ్గర రుజువు లేదు. కానీ ఒకడు పెంచితే మిగతా ఇద్దరూ వారంలోపే పెంచే చోట కొనేవాడికి దక్కేదేంటి?

ట్రాయ్ ఏం చేస్తోంది అంటారా? మొబైల్ రేట్లు ట్రాయ్ పెట్టదు. కంపెనీలే పెట్టుకుని ట్రాయ్‌కి చెప్తాయి. పోటీ ఉంది కాబట్టి రేటు దానంతటదే అదుపులో ఉంటుందని దాని వెనక లెక్క. నచ్చకపోతే పోర్ట్ పెట్టుకోవచ్చు కదా అంటారు.

పోర్ట్ పెట్టి ఎక్కడికి పోవాలి? మన ఏజెన్సీలో లోపలి ఊళ్ళు మీకు తెలుసు. చాలాచోట్ల సిగ్నల్ వచ్చేది ఒక్క టవరు నుంచే. ఆ టవరు ఏ కంపెనీదైతే ఊరంతా ఆ సిమ్మే. రెండో కంపెనీ రేటు యాభై తక్కువున్నా మనకి పనికిరాదు, దాని సిగ్నల్ రావాలంటే మండల కేంద్రం దాకా దిగాలి. కాగితం మీద నలుగురు, కొండమీద ఒక్కడు.

ఇది మనకి కొత్త కాదు. మన తాతల కాలంలో సంతకి ఒక్కడే షావుకారు వచ్చేవాడు. తూకం వాడిదే, రేటు వాడిదే. చింతపండు, పిప్పళ్ళు, అడ్డాకులు వాడు చెప్పిన ధరకే ఇవ్వాలి, ఉప్పు వాడు చెప్పిన ధరకే కొనాలి. నచ్చకపోతే ఇంకో సంతకి నడిచి పో అనేవాడు. అలాంటి దోపిడీ ఆగాలనే 1956లో జీసీసీ పెట్టారు. జీసీసీలో వంద లోపాలుండొచ్చు. కానీ అది పెట్టడానికి కారణమైన ఆలోచన సరైనది. కొనేవాడు, అమ్మేవాడు ఒక్కడే అయినచోట మార్కెట్ చూసుకుంటుందిలే అని గవర్నమెంటు చేతులు దులుపుకోకూడదు. సిగ్నల్ విషయంలో మాత్రం మనల్ని మళ్ళీ ఆ ఒక్క షావుకారు దగ్గరే వదిలేశారు.

ఇప్పుడు డైలీ లిమిట్ సంగతి. మనోళ్ళు ఎక్కువగా వేసేది రోజుకి ఒకటి, జీబీన్నర ఇచ్చే ప్లాన్లే. రాత్రి 12 కొడితే మిగిలింది పోతుంది. జీబీన్నర చొప్పున 28 రోజులకి 42 జీబీ అమ్మినట్టు. కానీ హాస్టల్ పిల్లోడి వాడకం రోజూ ఒకేలా ఉంటుందా? కాలేజీ ఉన్న రోజు వంద ఎంబీ కూడా అవ్వదు. పరీక్ష ముందు క్లాసు వీడియోలు దించుకునే రోజు మూడు జీబీ కావాలి. ఆ రోజు లిమిట్ దాటగానే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి 8 కేబీ. 5 ఎంబీ పీడీఎఫ్ నోట్స్‌కి పది నిమిషాల పైన, 40 ఎంబీ వీడియోకి దాదాపు గంటన్నర. అది కూడా మధ్యలో తెగకపోతే. నిన్న మనం డబ్బు కట్టి వాడని జీబీ మాత్రం ఎక్కడికో పోయింది.

సంక్రాంతికి ఊరెళ్తాం. సిగ్నల్ లేని ఊరైతే పది రోజుల్లో 15 జీబీ పోతుంది, కట్టిన దాంట్లో మూడో వంతు పైనే. ఇటుకల పండగకీ అంతే, వేసవి సెలవులకీ అంతే. పట్నం పిల్లోడు 299 కట్టి 42 జీబీకి దగ్గరగా వాడుకోగలడు. అదే 299 కట్టి మనం పాతిక కూడా వాడలేం. అంటే ఒక జీబీకి మనమే ఎక్కువ కడుతున్నాం. "అందరికీ ఒకటే రేటు" అనే మాట ఇక్కడే అబద్ధం అయిపోతుంది.

నెలకి 28 రోజులే కాబట్టి ఏడాదికి 13 రీచార్జిలు. 299 చొప్పున 3,887 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300. అంటే హాస్టల్లో ఉన్న ఒక్క పిల్లోడి ఫోన్ కోసం అమ్మానాన్నల్లో ఒకరు ఏడాదికి 13 రోజులు మట్టి మొయ్యాలి. ఇంట్లో ఇద్దరు చదువుకుంటుంటే 26 రోజులు. ఆ ఉపాధి పనికి హాజరు కూడా ఇప్పుడు ఫోన్ యాప్‌లోనే, ఫొటో తీసి పెట్టాలి. స్కాలర్‌షిప్ ఓటీపీకి ఫోన్, బ్యాంకు మెసేజికి ఫోన్, ఆధార్‌కి ఫోన్. ఇన్నిటికి ఫోన్ తప్పనిసరి చేసింది గవర్నమెంటే కదా. మరి ఇది విలాసం ఎలా అవుతుంది?

ఊళ్ళో ఉన్న అమ్మ ఫోన్ సంగతి ఇంకా ఘోరం. ఆమెకి డేటా అక్కర్లేదు, మన ఫోన్ వస్తే చాలు. ఆ సిమ్ బతికుండటానికి ఎయిర్‌టెల్‌లో 2021 జూలై దాకా 49 సరిపోయేది. దాన్ని 79 చేశారు, అదే ఏడాది 99 చేశారు, 2023కి 155 అయింది, 2024 జూలై పెంపుతో 199కి వచ్చింది. 2024 డిసెంబరులో ట్రాయ్, కాల్స్ ఎస్ఎమ్ఎస్ మాత్రమే ఉండే ప్యాక్ ఇవ్వాల్సిందే అని కంపెనీలకి చెప్పింది. మంచిదే. ఆ ప్యాకులు వచ్చాయి, కానీ చాలావరకు మూడు నెలలకో ఏడాదికో ఒకేసారి కట్టే పెద్ద ప్యాకులు. సంతలో పసుపు అమ్మితేనే చేతిలో డబ్బు కనపడే మనిషి ఒకేసారి నాలుగొందల పైన ఎక్కడ తెస్తుంది?

"మీ కుర్రాళ్ళు డేటా అంతా రీల్స్‌కే తగలేస్తారు" అని ఒక మాట ఉంది. రీల్స్ పట్నం కుర్రాళ్ళు చూడరా? వాళ్ళ నోటికి రాని నీతి మన దగ్గరే ఎందుకొస్తుంది? చూసేవాళ్ళు చూస్తారు, అది వేరే చర్చ.

రెండోది, "కొండమీద టవరు పెట్టడం నష్టం, కంపెనీలు ఎలా బతకాలి?" ఇది కాస్త ఆలోచించాల్సిన మాట. కొండమీద ఖర్చెక్కువ, కస్టమర్లు తక్కువ, నిజమే. అందుకే కంపెనీల ఆదాయంలో 5 శాతం ఒక నిధికి పోతుంది. మొన్నటిదాకా యూఎస్ఓ ఫండ్, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. మనం కట్టే 299లో కూడా దాని భాగం ఉంది. 2022 జూలైలో 4జీ లేని 24,680 ఊళ్ళ కోసం కేంద్ర కేబినెట్ 26,316 కోట్లు ఒప్పుకుంది. అంటే చాలా కొండ టవర్లు ప్రజల డబ్బుతోనే లేస్తున్నాయి. ప్రజల డబ్బుతో లేచిన టవరు ఒక్క కంపెనీ సొత్తులా ఎందుకుండాలి?

ఇది ఊరికే కోపంతో అంటున్న మాట కాదు, దారి కూడా ఉంది. 2025 జనవరిలో కేంద్రమే ఆ నిధితో కట్టిన టవర్ల మీద ఇంట్రా సర్కిల్ రోమింగ్ మొదలుపెట్టింది. టవరు ఎవరిదైనా బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ సిమ్ములు దాని మీద పనిచేయాలి. ఇది మన ఊళ్ళన్నిటికీ అందితే కొండమీద కూడా పోర్ట్ అనే మాటకి అర్థం వస్తుంది.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి:

1. ప్రజల డబ్బుతో కట్టిన ప్రతి టవరు మీద అన్ని సిమ్ములూ పనిచేయాలి. ఏ ఊళ్ళో పనిచేస్తోందో, ఎక్కడ లేదో ఐటీడీఏ ఆఫీసులో జాబితా పెట్టాలి.

2. వాడని డేటా రాత్రి 12కి పోకూడదు, ప్యాక్ చివరిదాకా నిలవాలి. కుదరదని చెప్పొద్దు. పోస్ట్‌పెయిడ్ వాళ్ళకి మిగిలిన డేటా వచ్చే నెలకి జరుగుతోంది, వీఐ ప్రీపెయిడ్‌లో వీకెండ్‌కి జరుగుతోంది. మనకెందుకు జరగదు?

3. కాల్స్ మాత్రమే ఉండే ప్యాక్ నెలకి, చిన్న మొత్తానికి దొరకాలి.

ఇందులో రేటు ఇంత పెట్టు అని ట్రాయ్‌ని అడగడం లేదు. రూల్ పెట్టమంటున్నాం. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటి ఉండాలని 2022లో రూల్ పెట్టింది కూడా ట్రాయే.

గ్రూపులో ఉన్నవాళ్ళు ఒక పని చేయండి. ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు మూడు విషయాలు రాసుకోండి: ఏ టవరు, ఏ కంపెనీ, వేరే సిమ్‌కి సిగ్నల్ వస్తోందా లేదా. గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి, కాపీ ఐటీడీఏ పీఓ గారికి ఇవ్వండి. ట్రాయ్ ఏదైనా మార్పు చేసే ముందు అభిప్రాయాలు పంపమని అందర్నీ అడుగుతుంది. కంపెనీలు లాయర్లతో రాయించి పంపుతాయి. మన దగ్గర్నుంచి ఒక్క కాగితం కూడా పోకపోతే మనకి ఏ ఇబ్బందీ లేదనే అనుకుంటారు.

మీ ఊరి పేరు, టవరు వివరం కింద కామెంట్‌లో పెట్టండి. ఫోన్ నంబర్లు పెట్టొద్దు. జాబితా రాసే పని నాది.