దీపం ముందు ఫ్లాష్ ఎందుకు?

మా అత్తగారి చివరి కార్తీక పౌర్ణమి ఫొటో నా ఫోన్‌లో ఉంది. ఎవరికీ చూపించను.

ఆ సాయంత్రం చందర్లపాడులో మా వాకిట్లో, తులసి కోట ముందు కూర్చుని ఆవిడ 365 వత్తుల కట్ట వెలిగించారు. పొద్దుట్నుంచీ ఉపవాసం. అలిసిపోయిన ఆ ముఖం మంట వెలుగులో పచ్చగా మెరిసిపోతోంది. "అత్తయ్యా, ఇటు చూడండి" అంటూ గబుక్కున ఒక ఫొటో తీశాను. ఫ్లాష్ తళుక్కుమంది. "ఏంటమ్మాయ్ ఆ మెరుపు, కళ్లు బైర్లు కమ్మాయి" అని ముఖం తిప్పేసుకున్నారు. ఇంకోటి తియ్యనివ్వలేదు.

తీరా చూస్తే ఫొటోలో సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖం, సగం మూసిన కళ్లు, వెనకంతా కటిక చీకటి. ఏ దీపం కోసం ఫొటో తీశానో ఆ దీపం వెలుగే అందులో లేదు. రెండు నెలలు తిరక్కుండానే ఆవిడ వెళ్లిపోయారు. దండ వెయ్యడానికి ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించాం.

"ఫోన్ పాతదైపోయింది, కొత్తది కొందాంలే" అన్నారు మావారు. చాలాకాలం నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం ఒప్పుకోను. తప్పు ఫోన్‌ది కాదు. "ఆ సెట్టింగులన్నీ మనకెందుకు, పిల్లలు చూసుకుంటారు" అనుకున్న నాది. ఇంట్లో పండగ ఫొటోలు తీసేది ఎక్కువగా మనమే కదా. తీసే పని మనదైనప్పుడు నేర్చుకునే పనీ మనదే.

నిజానికి ఇది మనకి తెలియని విద్యేం కాదు. కుళాయి సన్నగా వస్తుంటే ఏం చేస్తాం? బిందెని ఎక్కువసేపు పట్టి ఉంచుతాం. చీకట్లో కెమెరా చేసేదీ అంతే. వెలుగు సన్నధార, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి. అంతసేపూ బిందె కదలకూడదు, అంటే ఫోన్ కదలకూడదు. ఐఎస్ఓ అనేది మజ్జిగలో నీళ్లు పొయ్యడం లాంటిది. పెంచినకొద్దీ ఫొటో వెలుతురుగా కనిపిస్తుంది గానీ చిక్కదనం పోయి ఇసక చల్లినట్టు చుక్కలు పడతాయి. ఇక ఫ్లాష్ సంగతి. దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగో వంతే అందుతుంది. అందుకే దగ్గరున్న ముఖం మాడిపోతుంది, వెనకున్న ఇల్లు మాయమైపోతుంది.

నా మటుకు నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. ముందు ఫ్లాష్ ఆపేస్తాను. వంటింటి జిడ్డు చేతులతో పట్టుకునే ఫోన్ కాబట్టి మెత్తటి నూలు గుడ్డతో లెన్సు తుడుస్తాను. ఆ జిడ్డు ఉంటే దీపాల చుట్టూ పొగలా అలుముకుంటుంది. ఫోన్‌ని అరుగు మీదో పీట మీదో ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెడతాను, వేలు తగిలి అదరకుండా. తెర మీద ముఖాన్ని ఒకసారి తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగుతాను. అప్పుడు దీపం తెల్లటి ముద్దలా కాకుండా మంటలా కనిపిస్తుంది. ప్రో మోడ్ ఉన్నవాళ్లు ఐఎస్ఓ 800, షట్టర్ 1/15 దగ్గర మొదలుపెట్టి చూడండి. చీకటిగా వస్తే అక్కణ్నుంచి మార్చుకోవచ్చు.

నైట్ మోడ్ 2018లో గూగుల్ పిక్సెల్‌లో, 2019లో ఐఫోన్ 11లో వచ్చింది. ఇప్పుడు తక్కువ ధర ఫోన్లలోనూ ఉంటోంది. అది వరసగా చాలా ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. కదలకుండా కూర్చునే పెద్దవాళ్లకి బాగుంటుంది. చిచ్చుబుడ్డి చుట్టూ గెంతే పిల్లలకి మాత్రం పనికిరాదు, చేతులూ కాళ్లూ అలుక్కుపోతాయి.

మంచి సరంజామా ఉంటే ఇవన్నీ అక్కర్లేదంటారా? 1975లో వచ్చిన 'బ్యారీ లిండన్' సినిమాలో కొన్ని సీన్లని దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ కొవ్వొత్తుల వెలుగులోనే తీశాడు. అందుకు వాడింది నాసా కోసం జైస్ కంపెనీ తయారు చేసిన లెన్సు. అంత లెన్సు ఉన్నా, ఫోకస్ తప్పకుండా నటులు పెద్దగా కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. అంత గొప్ప కెమెరాకి కూడా నిదానం తప్పలేదు మరి.

"దీపం దగ్గర కూర్చున్న మనిషిని చూస్తూ ఉండక ఈ ఫొటోల గొడవేంటి" అని మా అమ్మ అంటుంది. ఆ మాటలో నిజముంది. పదేపదే తీస్తూ పూజ పాడుచెయ్యమని నేను చెప్పను. పద్ధతి తెలిస్తే ఒక్కటి చాలు. తెలియకే కదా పది తీసి పదీ పారేస్తున్నాం.

కిందటి కార్తీకంలో ముక్త్యాల రేవులో అరటి దొప్పల్లో దీపాలు వదిలాం. ఫోన్ మా అమ్మాయి చేతికిచ్చి, మెట్టు మీద ఆనించి పట్టుకోమన్నాను. నీళ్ల మీద దీపాలు, వాటి వెలుగులో అమ్మా నేనూ. కొంచెం చీకటిగానే ఉంది. కానీ అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆ ఫొటో కడిగించి హాల్లో పెట్టాను.