అమ్మే హక్కు ఎవరికీ లేని సొత్తు

ఆగ్నేయ అలాస్కాలోని ట్లింగిట్ ప్రజలు చెక్కిన కాకి, తోడేలు, కప్ప, బీవర్ బొమ్మలను మ్యూజియం అద్దాల వెనక చూసినవాళ్లు గొప్ప శిల్పాలని మెచ్చుకుంటారు. అవి గొప్ప శిల్పాలే. అయితే శిల్పాలుగా మాత్రమే చూడబట్టే వాటికి సంతలో వెల పలికింది. ట్లింగిట్ సమాజంలో కాకి, గద్ద అని రెండు పక్షాలున్నాయి. వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. సంప్రదాయం ప్రకారం పెళ్లి అవతలి పక్షంతోనే. వంశ చిహ్నమంటే పూర్వికులు ఏదో ఒక ప్రాణితో తలపడి, కొన్నిసార్లు ప్రాణాలే ఒడ్డి సంపాదించిపెట్టిన హక్కు. కప్ప కిక్సాడీ వంశానిది, దాన్ని ఇంకొకరు ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి లేదు. ఆ చిహ్నాన్ని టోపీ మీదో ఇంటి స్తంభం మీదో చెక్కే పనిని అవతలి పక్షం వాళ్లకు అప్పగించడం ఆనవాయితీ. చనిపోయిన పెద్దల పేరిట జరిగే విందులో దాన్ని ఆ అవతలి పక్షం వాళ్ల ఎదుటే బయటికి తీసి, సాక్షులుగా నిలిచినందుకు కానుకలిస్తారు. ఊరంతా ఎదుట ఉండగా ఖాయమయ్యే ఈ హక్కు మన దేవుడి మాన్యం లాంటిది. అనుభవించేవాళ్లు ఉంటారు, అమ్ముకునేవాళ్లు ఉండకూడదు.

వంశస్థులే అమ్మితే తప్పేమిటని అడిగేవారున్నారు. ఈ ప్రశ్న క్లుక్వాన్ అనే ట్లింగిట్ గ్రామంలో నిజంగానే ఎదురైంది. అక్కడి వేల్ హౌస్ అనే వంశగృహంలోని నాలుగు చెక్కడపు స్తంభాలను, చిత్రించిన చెక్క తెరను 1984లో వంశంలోని కొందరే ఒక వ్యాపారి కోసం సియాటిల్‌కు తరలించారు. గ్రామ మండలి అనుమతి లేకుండా అలాంటివి ఊరు దాటకూడదని 1976లోనే అక్కడ కట్టడి ఉంది. 1993లో గిరిజన న్యాయస్థానం వాటిని వెనక్కి ఇవ్వాలని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది అవి ఊరు చేరాయి. ఈ తీర్పు న్యాయమైనదని నా నమ్మకం. డబ్బు అవసరం ఎవరికైనా నిజమే కావచ్చు, కానీ ఇంకా పుట్టని మనవళ్ల వాటాను ఈనాటి నలుగురు రాసివ్వలేరు.

మ్యూజియంలో ఉంటే చెదలు, నిప్పు అంటవు, లోకమంతా చూస్తుంది అన్నది బలమైన వాదనే. కానీ క్లుక్వాన్ 2016లో సొంత వారసత్వ కేంద్రాన్నే తెరిచింది. స్మిత్‌సోనియన్ సంస్థ 2005లో కిల్లర్ వేల్ టోపీని ఆ చిహ్నం గల ట్లింగిట్ వంశానికి తిరిగి ఇచ్చింది. తర్వాత వాళ్ల సమ్మతితోనే 3డి స్కాన్ తీసి, ప్రతిరూపం చేసి ప్రదర్శనకు పెట్టుకుంది. అసలుది విందుల్లో వంశపెద్ద తలకెక్కుతుంది, నకలు సందర్శకులకు సరిపోతుంది. ఇక మిగిలింది చట్టంలోని లోటు. సమష్టి వారసత్వ వస్తువులను తిరిగి ఇవ్వాలన్న 1990 నాటి అమెరికా చట్టం ఫెడరల్ సంస్థలకూ, ఫెడరల్ నిధులు పొందే మ్యూజియంలకూ వర్తిస్తుంది. సొంత డబ్బుతో కొని ఇంట్లో పెట్టుకున్నవారిని, ఐరోపా మ్యూజియంలను అది కదిలించలేదు. వంశం ఒప్పుకుందన్న రుజువు చూపనిదే ఇలాంటి వస్తువులను వేలం పాటకు రానివ్వకూడదు.