కుల్ధరాలో దెయ్యాన్ని కాదు, కట్టను చూడండి

జైసల్మేర్ వెళ్లొచ్చిన మనవాళ్లు యూట్యూబులో పెట్టే వీడియోల్లో కుల్ధరాకు ఒకటే పేరు: దెయ్యాల ఊరు. కథ కూడా అన్నిట్లో ఒకటే. రెండు వందల ఏళ్ల కిందట జైసల్మేర్ దివాను సాలిం సింగ్ కన్ను ఈ ఊరిపెద్ద కూతురి మీద పడింది. పిల్లనివ్వకపోతే పన్నులతో నలిపేస్తానన్నాడు. చుట్టుపక్కల 84 ఊళ్ల పాలీవాల్ బ్రాహ్మణులు కూడబలుక్కుని, ఒక్క రాత్రిలో ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి, ఇక్కడ మళ్లీ ఎవరూ బతకకూడదని శాపం పెట్టి వెళ్లిపోయారు. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లినవాళ్లు పడిపోయిన గోడల ముందు నిలబడి ఫోన్లో ఇదే చెబుతారు, జీపెక్కి ఇసుక తిన్నెలకు వెళ్లిపోతారు.

ఈ కథ ఆ మనుషులకు అన్యాయం చేస్తోందని నా అభిప్రాయం. వాళ్లు ఎలా పోయారన్నదే చెబుతుంది, అన్ని వందల ఏళ్లు అక్కడ ఎలా బతికారో చెప్పదు. ఏడాదికి ఇరవై సెంటీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని చోట గోధుమ పండించిన రైతులు వాళ్లు. ఆశ్చర్యపోవాల్సింది అందుకు.

నాది అనంతపురం జిల్లా. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మన జిల్లాలోనే అని బళ్లో అయ్యవార్లు చెప్పేవాళ్లు. ఉద్యోగమంతా చిన్ననీటి పారుదలలో, చెరువు కట్టలూ తూములూ అలుగుల మధ్య గడిచింది. అందుకే కుల్ధరాలో నా కళ్లు గోడల మీద కంటే నేల వాలు మీదే ఎక్కువసేపు నిలిచాయి.

ఊరు జైసల్మేర్‌కు నైరుతిగా 18 కిలోమీటర్ల దూరం. పసుపుపచ్చ ఇసుకరాయి ఇళ్లు నాలుగు వందల పైచిలుకు. ఉత్తర దక్షిణాలుగా మూడు పొడుగాటి వీధులు, వాటిని కోస్తూ సన్నటి సందులు, నడుమ గుడి. తూర్పున కాక్నీ అనే చిన్న నది, ఇప్పుడు ఎండిన ఇసుక చాలు. ఊరి పొడవు కిలోమీటరు కూడా ఉండదు. దక్షిణాన ఉన్న వాళ్ల పొలం మాత్రం రెండున్నర కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు. దాన్ని అక్కడ ఖడీన్ అంటారు. సందర్శకులెవరూ అటు వెళ్లరు. అటు చూపించేవాళ్లూ లేరు.

ఖడీన్ పని తీరు రాయలసీమ రైతుకు ఒక్క మాటలో అర్థమవుతుంది: చెరువు కడుపులో సాగు. రాతి గుట్టల మీద పడిన వాన ఇంకదు, జారుతుంది. ఆ జారే నీటికి పల్లంలో మూడు వైపులా మట్టికట్ట పోస్తారు. వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి, పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు అడుగున పేరుకుంటుంది, ఎక్కువైన నీరు అలుగు మీదుగా పోతుంది. చలికాలం మొదలయ్యేసరికి నీరు నేలలోకి దిగుతుంది. మిగిలిందేమైనా ఉంటే తూము తీసి వదిలేస్తారు. ఆ పదునులో గోధుమ, శనగ చల్లుతారు. మళ్లీ తడి పెట్టే పని లేదు. నిలిచిన నీరు ఉప్పును కిందికి అణచేస్తుంది కాబట్టి నేల చౌడు తేలదు. కట్టకు దిగువన తవ్విన బావుల్లో ఊట ఊరుతుంది. పొలం, చెరువు, ఎరువు, తాగునీటి ఏర్పాటు, నాలుగూ ఒకే కట్టతో.

మా ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడిలో పప్పుశనగ వేసేదీ ఇలాగే, అక్టోబరు వానల పదును మీద. కాకపోతే మాకు ఏడాదికి 55 సెంటీమీటర్ల వాన. ఆ తేడాను పాలీవాల్‌లు గుట్టలతో పూడ్చుకున్నారు. ఒక ఎకరం పండాలంటే పది పదిహేను ఎకరాల రాతి వాలు నుంచి నీరు దిగాలి. అంటే ఆ వాలును ఎవరూ దున్నకూడదు, అడ్డం కట్టకూడదు, ఇళ్లు వేయకూడదు. పండే ఎకరం కోసం పండని పదెకరాలను కాపాడుకోవాలన్న ఒప్పందం ఊరంతటిదీ కావాలి. నా సర్వీసులో కట్ట తెగి చచ్చిన చెరువుల కంటే, పైనున్న వాగు పూడిపోయి, సప్లై ఛానల్ మీద ప్లాట్లు పడి చచ్చిన చెరువులనే ఎక్కువ చూశాను. కాబట్టి ఆ ఒప్పందం ఎంత కష్టమైనదో నాకు తెలుసు.

ఇక, ఒక్క రాత్రిలో వెళ్లిపోయారన్న మాట. బ్రిటిష్ అధికారి కర్నల్ జేమ్స్ టాడ్ 1815 ప్రాంతపు సమాచారంతో కుల్ధరాలో 200 ఇళ్లు ఉన్నాయని రాశాడు. దానికి ముందు శతాబ్దాల్లో ఊరు ఇంతకు దాదాపు రెట్టింపు ఉండేదని చరిత్రకారుల అంచనా. 1890 ప్రాంతంలో లక్ష్మీచంద్ అనే స్థానిక చరిత్రకారుడి లెక్కలో మిగిలింది 37 మంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ చరిత్రకారుడు ఎస్.ఎ.ఎన్. రెజావీ 1990లలో ఈ శిథిలాలను, శాసనాలను పరిశీలించి రాసినదాంట్లోనూ కనపడేది నెమ్మదిగా తరిగిన ఊరే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే చాలా బావులు ఎండిపోయాయి. దివాను పన్నుల దోపిడీ కట్టుకథ కాదు, టాడ్ కూడా దాన్ని గట్టిగానే రాశాడు. కూలిన కప్పులను, దూలాలను చూసి భూకంపం కూడా కారణం కావచ్చని 2017లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఏది ఎంత అన్న వాదన సాగనివ్వండి. ఒక్క రాత్రి మాత్రం కాదు.

ఊళ్లు ఖాళీ అయ్యే తీరు మాకు కొత్త కాదు. బోరు ఎండిన ఏడాది ఇంట్లో పెద్దకొడుకు బెంగళూరు పోతాడు. మరుసటేడు భార్యాపిల్లల్ని తీసుకెళతాడు. ఎద్దుల్ని అమ్మేస్తారు. ముసలాళ్లు రేషన్ కోసం, పింఛను కోసం, ఊరి మీది ప్రాణం కోసం ఉండిపోతారు. తర్వాత తలుపుకు తాళం, ఉగాదికి ఒకసారి వచ్చి తీయడం. ఆ తర్వాత అదీ లేదు. కుల్ధరాలో చివరికి మిగిలిన ఆ 37 మంది ఎవరై ఉంటారో నేను ఊహించగలను. శాపం కథలో వాళ్లకు చోటే లేదు. అందరూ ఒకే రాత్రి పోయారంటే, వెనక మిగిలి బావి నీళ్లు తోడుకుంటూ ఆ ఊళ్లో పొద్దు గడిపిన ముసలివాళ్లను ఇంకోసారి వదిలేసినట్టే.

జనం నోట నిలిచిన కథను చెరిపేయమని నేననను. అందులో ఒక నిజం ఉంది: అధికారం రైతును పిండితే రైతు ఊరు విడుస్తాడు. దాన్ని దెయ్యం చేసి అమ్మడమే నాకు మింగుడుపడదు. దివాను చేసిన పని మరుగునపడి, బాధితులే భయపెట్టే నీడలైపోయారు.

మన వైపు ఒక అదృష్టం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, తగలకూడని ఆరు దోషాలు అందులో చెప్పి ఉన్నాయి. తెలిసింది రాతికెక్కింది కనుక ఆరు వందల యాభై ఏళ్ల తర్వాత కూడా చదువుకుంటున్నాం. పాలీవాల్‌లు తమకు తెలిసింది నేల మీదే రాశారు. అది చదివించాలంటే ఎవరైనా ఆ కట్ట దాకా నడిపించాలి.

రాజస్థాన్ ప్రభుత్వం అక్కడ కొన్ని ఇళ్లు బాగుచేసింది. నున్నగా తేలిన ఆ గోడల కంటే, గేటు దగ్గర నేల వాలు, కట్ట, అలుగు, బావులు చూపే ఒక పటం ఎక్కువ మేలు చేస్తుంది. పక్కనే ఒక చిన్న ఖడీన్‌కు కట్ట సరిచేసి, ఏటా నిజంగా పంట వేయించవచ్చు. జైసల్మేర్ జిల్లాలో నేటికీ పండుతున్న ఖడీన్లు ఉన్నాయి. తెలిసిన రైతులూ ఉన్నారు. ఊరు చూపించే పని వాళ్లకే ఇస్తే పర్యాటకుల డబ్బూ వాళ్ల చేతికే వస్తుంది.

హైదరాబాద్, విజయవాడ, తిరుపతి నుంచి జైసల్మేర్ ప్యాకేజీలు నడిపేవాళ్లకు ఒక మనవి. కుల్ధరాను సాయంత్రం చీకటి పడేముందు గంటసేపు పెట్టకండి. పొద్దున్నే పెట్టండి, వీలైతే జనవరిలో. అప్పటికి ఖడీన్లలో గోధుమ ఏపుగా ఉంటుంది. ఇళ్లు చూశాక బండిని ఒక ఖడీన్ కట్ట దగ్గర ఆపి, అక్కడి రైతును అడగండి: ఈ ఏడు ఎన్ని రోజులు నీళ్లు నిలిచాయి, ఎప్పుడు విత్తారు, గుట్ట మీద హక్కు ఎవరిది అని.