కాగితపుబొమ్మలకు చవుక పట్టుసాధనములు



సంక్రాంతి బొమ్మలకొలువునకై కాగితపు గోపురములు, రథములు చేయు బాలబాలికలు గల ఇండ్లలో మేమొక సంగతి తరచుగా చూచుచున్నాము. కత్తిరించుట చక్కగనే జరుగును. మడతలును సరిగనే పడును. కాని అతుకు వేసినంతనే అంచు జారును, జిగురు వ్రేళ్ళకంటును, బొమ్మ నలుగును. పిల్ల విసిగి పని విడిచిపెట్టును. “దీనికి ఓర్పు లేదు” అని పెద్దలందురు. నిజమునకక్కడ కొరవడినది ఓర్పు గాదు, పట్టు.

తెల్లని జిగురులోని నీరు కొంత కాగితములోనికి ఇంకి, కొంత ఆవిరియై పోయిన పిమ్మటగాని అతుకు బిగియదు. అందాక రెండంచులును కదలరాదు. అంతసేపు వ్రేళ్ళతో పట్టియుంచుట పెద్దలకే కష్టము. ఇందులకై విలువగల సాధనములపెట్టె కొనుట, వెన్న చేతబెట్టుకొని నేతికై వెదకుట వంటిది.

మొదటిది, బట్టలారవేయు క్లిప్పు. కొయ్యదైనచో పెద్దవారు దాని కొనలను చాకుతో చెక్కి సన్నము చేయవచ్చును. అప్పుడది ఇరుకుచోటులందును దూరును. కొనలకు సెల్లోటేపు చుట్టిన జిగురంటుకొనదు. క్లిప్పునకును బొమ్మకును నడుమ ఇరువైపుల అట్టముక్కలుంచిన నొక్కులు పడవు.

రెండవది, తలలో పెట్టుకొను పక్కపిన్ను. సన్నగ, పొడవుగ నుండుటచే క్లిప్పునకందని లోపలి అతుకునకు ఇది తగును. దీని కాళ్ళలో నొకటి తిన్ననిది, రెండవది వంకరలుగలది. తిన్ననికాలు బొమ్మ పైవైపునకును, వంకరకాలు లోపలికిని ఉండవలెను.

మూడవది, చిన్న పట్టకారు. బొమ్మ చిన్నదగుకొలది వ్రేళ్ళు మొద్దులగును. 1941లో ఇంగ్లాండున వెలువడిన మైక్రోమోడల్సు అను నమూనాలు పోస్టుకార్డంత అట్టలపై అచ్చొత్తబడినవి. అట్టి సన్నపని వట్టి వ్రేళ్ళకు లొంగునా? రథమునకు కలశము నిలుపుటకు కనుబొమలు తీర్చుకొను ప్లక్కరు చాలును. దాని కొనలు మూసి వెలుతురున కెత్తి చూడుడు. నడుమ వెలుగు కనబడనిచో అది మంచిది. తపాలాబిళ్ళలు కూర్చువారు వాడు చదునుకొనల పట్టకారు కాగితమును గీరదు.

ఒక్క వస్తువే కొనదలచినచో, నొక్కిన తెరచుకొని, విడిచిన మూసుకొను పట్టకారు కొనుడు. అది తానై పట్టుకొని యుండును, చేయి నొవ్వదు. వైద్యులు వాడు, పిడికి గొళ్ళెముగల పట్టకారు ఇంకను గట్టిది గాని, దాని పండ్లగుర్తులు కాగితముపై పడును. ఆసుపత్రిలో వాడి పారవేసినవానిని మాత్రము ఇంటికి తేరాదు.

గుండ్రని స్తంభములకు రబ్బరుబ్యాండులను వదులుగ వేయవచ్చును. చదునైన అతుకులపై ప్లాస్టికు కాగితము పరచి, పుస్తకములు బరువు పెట్టిన చాలును.

మొనగల పట్టకారును పసిబిడ్డలకందనీయకుడు. ఇక పిల్లలకు నేర్పవలసినది ఒక్కటే: ఒక అతుకు ఆరకుండ రెండవదానికి పోరాదు. క్లిప్పు పట్టియున్నంతసేపు తరువాతి ముక్కను కత్తిరించుకొనవచ్చును. ఇట్లు తన చేతులతో గోపురము నిలిపిన పిల్ల, కొనితెచ్చిన బొమ్మలనడుమ తన పనిని సగర్వముగ నిలుపుకొనును. ఆ సంతోషమునకు మన యింటి దండెముమీది క్లిప్పులు నాలుగు ఎరవిచ్చుటకు వెనుదీయకుందుము గాక.